మన నీళ్ల మీద మన కన్ను

(కోస్తా పల్లెల కార్యకర్తల శిక్షణ తరగతిలో మా బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

డ్రోను మీద మాట్లాడతామంటే కొంతమంది నవ్వారు. పెళ్లిళ్లలో జుయ్యిమని తిరిగే ఆటవస్తువుతో మాల మాదిగ పేటలకు పనేమిటి అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు చెప్పడానికే వచ్చాం. అయితే డ్రోను కంటే ముందు నీళ్ల సంగతి మాట్లాడాలి.

మన ఉద్యమంలో నీళ్లు చిన్న విషయం కాదు. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ మనవాళ్లను వెంటబెట్టుకుని చవదార్ చెరువు నీళ్లు తాగారు. 1985 జూలైలో కారంచేడు గొడవ ఎక్కడ మొదలైంది? మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర. తాగే నీళ్లు పాడుచేయొద్దని అడిగినందుకు మర్నాడు, జూలై 17న, భూస్వాములు పేట మీద పడి ఆరుగురు మాదిగలను చంపారు. నీళ్లు ముట్టుకోనివ్వకపోవడం ఒక రకం. మన నీళ్లు మనకు పనికిరాకుండా చేయడం ఇంకో రకం. రెండూ కులం చేసే పనులే. అందుకే 1989 అత్యాచారాల నిరోధక చట్టం 3వ సెక్షన్లో, ఎస్సీ ఎస్టీలు వాడుకునే నీళ్లను పాడుచేయడం నేరమని రాశారు. ఈ మాట మన పేటల్లో ఎంతమందికి తెలుసు?

ఇవాళ కోస్తాలో మన నీళ్లను పాడుచేస్తున్నది రొయ్యల చెరువు. వరి పండిన పొలాన్ని తవ్వి గట్టు కడతారు. ఏటి నుంచో బోరు నుంచో ఉప్పునీరు తోడి నెలల తరబడి నిలవబెడతారు. ఆ ఉప్పు ఊరికే ఉండదు. నేలలోకి దిగుతుంది, పక్క పొలంలోకి ఊరుతుంది, పేట బోరులోకి వస్తుంది. రొయ్యలు పట్టే రోజున చెరువు నీళ్లన్నీ, అడుగున మిగిలిన మేత బురదతో సహా, మురుగు కాలువలోకి వదులుతారు. కాలువ పల్లానికి పోతుంది. పల్లంలో ఎవరుంటారు? ఊరు కట్టినప్పుడు మెరక ఎవరు తీసుకున్నారో, పల్లం ఎవరికి వదిలారో మనకు తెలియనిది కాదు.

దీని మీద సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. ఎస్. జగన్నాథ్ కేసులో 1996 డిసెంబర్ 11న తీర్పు ఇచ్చింది. వ్యవసాయ భూములు, ఉప్పు మడులు, మడ అడవులు, ఊరి ఉమ్మడి భూములు రొయ్యల చెరువులుగా మార్చొద్దని చెప్పింది. పాడుచేసినవాడే పరిహారం కట్టాలంది. ఇందులో ఒక సంగతి గమనించండి. కోర్టు ఆ కేసులో నాగపూర్‌లోని నీరి సంస్థ నిపుణులతో ఆంధ్ర, తమిళనాడు తీరాలను తనిఖీ చేయించి, వాళ్ల నివేదికలను ఆధారం చేసుకుంది. అంటే ఉప్పునీళ్లు తాగినవాడు చెప్తే అది ఫిర్యాదు. నిపుణుడు చూసి రాస్తే అది సాక్ష్యం. మన ఫిర్యాదును మనమే సాక్ష్యంగా మార్చుకోవడం ఎలా? డ్రోను మాట ఇక్కడే వస్తుంది.

తీర్పు తర్వాత 2005లో పార్లమెంటు తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. తీర్పు పదును చాలావరకు పోయింది. అయినా ఆ చట్టం కింద ఇచ్చిన మార్గదర్శకాల్లో కొన్ని కొలతలు పెట్టారు. మంచినీళ్ల వనరుకు 100 మీటర్ల దూరం ఉండాలి. 500 మంది లోపు ఉన్న పల్లెకు 100 మీటర్లు, అంతకు మించి జనం ఉంటే 300 మీటర్ల దూరం ఉండాలి. 2023లో చట్టాన్ని సవరించారు. కాబట్టి ఇవాళ మీ ఊరికి ఏ దూరం వర్తిస్తుందో సమాచార హక్కు కింద కాగితం మీద తెప్పించుకుని, అది చేతిలో పెట్టుకునే మాట్లాడాలి.

ఇవన్నీ మీటర్ల లెక్కలు. మరి కొలిచేదెవరు? టేపు పట్టుకుని గట్టెక్కితే కాపలావాడు అడ్డం వస్తాడు. ఆ కాపలావాడు మన పేట తమ్ముడే అయ్యుంటాడు. లోపలికి అడుగుపెడితే దొంగతనానికి వచ్చారని కేసు పెడతారు. తాసిల్దారు దగ్గరికి పోతే వీఆర్వోని పంపుతామంటారు. ఆ వీఆర్వో వచ్చి ఎవరి అరుగు మీద కూర్చుంటాడో మీకు తెలుసు. మన కాలు పెట్టనివ్వని చోటికి మన కన్ను పోవాలి. పేటలో మన నేల మీదే నిలబడి డ్రోనును పైకి లేపితే గట్టు అవతల ఏముందో కనిపిస్తుంది. ఎన్ని చెరువులు, తూము ఏ కాలువలోకి తెరిచారు, ఆ కాలువ మన మంచినీళ్ల చెరువుకు ఎంత దగ్గరగా పోతోంది, అన్నీ ఒక్క పటంలోకి వస్తాయి.

సర్కారుకు ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. 2020లో స్వామిత్వ పథకం పెట్టి పల్లెల్లో ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచారు. అదే ఏడాది డిసెంబర్లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన భూముల రీసర్వేలోనూ డ్రోన్లు ఎగిరాయి. 2023లో నమో డ్రోన్ దీదీ అని పేరుపెట్టి 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇస్తామన్నారు. అవి పొలాలకు ఎరువులు, మందులు కొట్టడానికి. మన గుడిసెను కొలవడానికి డ్రోను వచ్చింది. మన నీళ్లకూ రొయ్యల గట్టుకూ మధ్య దూరం కొలవడానికి మీలో ఎవరి ఊరికైనా వచ్చిందా?

ఇది మనకు మాత్రమే వచ్చిన ఆలోచన కాదు. 2010లో అమెరికా దగ్గర మెక్సికో అఖాతంలో చమురు బావి పేలి సముద్రం నల్లబడినప్పుడు, తీరంలో జనం గాలిపటాలకూ బెలూన్లకూ కెమెరాలు కట్టి ఎగరేసి తమ తీరం పటాలు తామే తీసుకున్నారు. దక్షిణ అమెరికాలో గయానా దేశపు వాపిషాన్ ఆదివాసులు 2014లో బయటి మిత్రుల సాయంతో డ్రోను కట్టుకుని, తమ అడవిలో దొంగ కలప నరికివేతనూ బంగారం తవ్వకాలనూ పైనుంచి చూశారు. చదువు తక్కువని, ఊరు మూలనుందని వాళ్లు ఆగలేదు.

ఇక పని ఎలా చేయాలో చెప్తాం. 2021 డ్రోన్ నిబంధనల్లో 250 గ్రాముల లోపు దాన్ని నానో అన్నారు, 2 కిలోల లోపు దాన్ని మైక్రో అన్నారు. నానో నడపడానికి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వ్యాపారం కాని పనికి మైక్రో నడపడానికీ అక్కర్లేదు. డబ్బు తీసుకుని మైక్రో ఎగరేసే ఫొటోగ్రాఫర్‌కు మాత్రం సర్టిఫికెట్ ఉండాలి. డ్రోనుకు రిజిస్ట్రేషన్ నెంబరు ఉండాలి. డిజిటల్ స్కై అనే సర్కారు పటంలో మీ ఊరు ఏ రంగులో ఉందో చూడాలి. ఆకుపచ్చ అయితే 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అడగక్కర్లేదు. పసుపు, ఎరుపు అయితే అనుమతి లేకుండా ఎగరేయొద్దు. మన మీద కేసు పెట్టే వీలు వాళ్లకు మనమే ఇవ్వకూడదు.

ఎగరేసే ముందు పేటలో కూర్చుని తీర్మానం రాయండి. ఏ రోజు, ఎందుకు, ఎవరి బాధ్యతో రాసి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. నేల మీద సరిగ్గా 10 మీటర్లు కొలిచిన తెల్లగుడ్డ పరవండి. పైనుంచి తీసిన ఫొటోలో మిగతా దూరాలు దాన్నిబట్టి సరిచూసుకోవచ్చు. కెమెరా నిటారుగా కిందికే చూడాలి. ఒక ఫొటోలో ఉన్నదాంట్లో మూడొంతులు పక్క ఫొటోలోనూ రావాలి. అప్పుడే అన్నీ కలిపి ఒక పటంగా కుట్టగలం. కుట్టడానికి ఓపెన్‌డ్రోన్‌మ్యాప్, కొలవడానికి క్యూజీఐఎస్ ఉన్నాయి. రెండూ ఉచితం. మన పిల్లల్లో డిగ్రీ చదివినవాళ్లు నేర్చుకోగలరు. తర్వాత ఆ పటాన్ని ఊరి సర్వే పటంతో పక్కపక్కన పెట్టి చూడండి. ఏ గట్టు పోరంబోకులోకి వచ్చిందో, ఏ గట్టు శ్మశానం దారి మింగిందో సర్వే నెంబరుతో సహా బయటపడుతుంది.

ఒక్కసారి ఎగరేస్తే చాలదు. చెరువు నింపేటప్పుడు ఒకసారి, రొయ్యలు పట్టేటప్పుడు ఒకసారి, వానల తర్వాత ఒకసారి తీయాలి. తేదీలు ఎందుకంటే, జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో మామూలు దరఖాస్తుకు గడువు ఆరు నెలలు, నష్టపరిహారానికి అయిదేళ్లు. మనకు చెన్నైలో బెంచి ఉంది. ఎప్పుడు జరిగిందో చెప్పలేకపోతే గడువు పేరుతోనే కొట్టేస్తారు. ఫొటోలున్న అసలు కార్డును చెరిపేయకుండా దాచండి. మామూలు కోర్టుల్లో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఇలాంటి ఫొటోలకు సర్టిఫికెట్ అడుగుతారు. ట్రిబ్యునల్ సాక్ష్య చట్టానికి అంతగా కట్టుబడక్కర్లేదు. అయినా మన కాగితం గట్టిగా ఉంటే మనకే మంచిది.

డ్రోను చూడలేనిది కూడా ఉంది. నీటిలో ఉప్పు ఫొటోలో కనపడదు. అందుకు నేల మీద పని చేయాలి. ఎగరేసిన రోజే బోరు నీళ్లు, కాలువ నీళ్లు, మంచినీళ్ల చెరువు నీళ్లు సీసాల్లో పట్టి పేరు, చోటు, టైము రాయాలి. తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదని, వేరే నీళ్లు దొరకని చోట 2,000 వరకు ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం చెప్తోంది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్లకు నీళ్ల పరీక్ష నేర్పాలని పెట్టారు. ఆ అయిదుగురిలో మన పేట ఆడబిడ్డలు ఎంతమంది ఉన్నారో అడగండి. ఎప్పటి నుంచి బిందె ఎక్కడికి మోస్తున్నారో, ఎన్ని ఫర్లాంగులు పోతున్నారో మన అక్కల నోట విని రాసుకోండి. పటం, సీసా, అక్కల మాట, ఈ మూడూ కలిస్తేనే కేసు నిలబడుతుంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. మండలంలో డ్రోను ఉన్న ఫొటోగ్రాఫర్ మన పనికి ఎంత వస్తాడో, చెరువు ఆసామి ఇంటి పెళ్లికీ అంతే వస్తాడు. కార్డు అతని దగ్గర ఉంటే పొద్దున మనది, సాయంత్రం వాళ్లది. కార్డు మనదే పెట్టాలి, ఎగరేసిన చోటే తీసి తెచ్చుకోవాలి. బయటి సంస్థ డ్రోను తెస్తే సంతోషం. కానీ పటం వాళ్ల నివేదికలో అచ్చయి మన పేటలో కాపీ లేకపోతే అది మన పోరాటం కాదు. ఆడవాళ్లు నీళ్లు పోసుకునే చోట్ల మీద తిప్పొద్దు. ముందురోజే ఇంటింటికీ చెప్పండి. చెరువు మీద పనిచేసే కూలీల మొహాలు రానీయొద్దు. వచ్చాయంటే మొదట అనుమానం వాళ్ల మీదే, మొదట పోయేది వాళ్ల పనే.

కూలీల మాట వచ్చింది కాబట్టి అదీ తేల్చుకుందాం. మేత జల్లేవాళ్లు, రాత్రి కాపలా కాసేవాళ్లు, రొయ్యలు ఒలిచే ఆడవాళ్లు, అందులో మనవాళ్లు ఎంతమందో! మనం ఫిర్యాదు పెట్టిన మర్నాడే ఆసామి అంటాడు: "మీవాళ్లే మీ పొట్ట కొట్టారు." పేటను రెండు ముక్కలు చేయడానికి ఆ ఒక్క మాట చాలు. మన దగ్గర జవాబు ఉంది. 1996 తీర్పులో కోర్టు, మూసేసే చెరువుల కూలీలకు ఆరేళ్ల కూలికి సమానమైన పరిహారం ఇమ్మని చెప్పింది. కాబట్టి మన ప్రతి దరఖాస్తులో కూలీల పరిహారం మాట ఉండాల్సిందే. నీళ్ల కోసం కూలిని, కూలి కోసం నీళ్లను వదులుకోమని అడిగే హక్కు ఎవరికీ లేదు.

వచ్చే పక్షంలోగా ప్రతి పేటలో నాలుగు పనులు చేయండి. దూరాల మీద సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. ఊరి సర్వే పటం తెచ్చుకోండి. నీళ్ల పుస్తకం ఒకటి తెరిచి ఈ రోజు నుంచే రాయడం మొదలుపెట్టండి. చదువుకున్న ఒక తమ్ముడినీ ఒక చెల్లెలినీ పటం పనికి పంపండి. ఈ నాలుగూ అయ్యాకే డ్రోను. పుస్తకం లేని ఊళ్లో డ్రోను ఎగిరితే పిల్లలు చప్పట్లు కొడతారు, అంతే.

కారంచేడులో మనవాళ్లు నీళ్లు పాడుచేయొద్దని అడిగారు. ఆ మాటే మనం ఇవాళ మళ్లీ అడుగుతున్నాం. ఈసారి పటం పట్టుకుని అడుగుదాం.

జై భీమ్!