సముద్రపుగాలి - బట్టలుతుకు యంత్రము

విశాఖపట్టణము, భీమునిపట్టణము, కాకినాడ వంటి తీరపట్టణములలో కిటికీ ఊచలు త్వరగా తుప్పు పట్టుట మనమెరిగినదే. ఆ గాలియే వాషింగ్ మెషీనుకును శత్రువు. గాలిలోని ఉప్పు రేకుపై చేరి, తేమను పీల్చి నిలుపును. రంగు లేచినచోట తుప్పు మొదలగును.

కనబడు తుప్పు అందమును చెరచును. కనబడని తుప్పు ప్రాణమునకే ముప్పు తేగలదు. వెనుక రేకునకు బిగించిన ఎర్తు తీగ మొన తుప్పుపట్టి పట్టు వదలినచో, లోపలి విద్యుత్తు రేకునకు సోకినప్పుడు అది భూమిలోనికి పోవు త్రోవ యుండదు. తడిచేతితో ముట్టినవారి దేహమే దానికి త్రోవ యగును. ముట్టగానే చురుక్కుమన్నచో యంత్రమును మరల తాకక, మెయిన్ స్విచ్చి ఆపి, ఎలక్ట్రీషియనును పిలిపింపవలెను. ఏటేట వానలకు ముందు ఎర్తును పరీక్ష చేయించుట, 30 మిల్లీయాంపియర్ల లీకేజీకే విద్యుత్తును ఆపివేయు ఆర్.సి.సి.బి.ని అమర్చుకొనుట మేలు.

ఇక నిత్యరక్షణ సులభము. యంత్రమును సముద్రమున కెదురుగా నున్న వసారాలో గాక లోపలి గదిలో నుంచుడు. వారమున కొకసారి ప్లగ్గు తీసి, మంచినీట తడిపి పిండిన గుడ్డతో రేకును, అడుగు అంచులను తుడిచి, పొడిగుడ్డతో ఒత్తుడు. తడి ఆరకముందు ప్లాస్టిక్ తొడుగు వేయరాదు. గీత పడినచోట తుప్పు గీకి, వెంటనే రంగు పూయుడు. ఉప్పును తుడిచివేయుటకు పట్టునది కొద్ది నిమిషములే. దాని ఫలము ఇంటిల్లిపాది క్షేమము.