హోటల్లో భోజనం బాగోలేకపోతే
(మన సంఘం నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను డి.ఎ. బకాయిల మీద మాట్లాడమంటారనుకున్నాను. "బకాయిల సంగతి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు, మీరు ఆ హోటలు సంగతి చెప్పండి, ప్రత్యేక సంచికలో వేసుకుంటాం" అన్నారు కార్యదర్శి గారు. ముప్ఫై ఆరేళ్లు గుమాస్తాగా రకరకాల ఫైళ్ల మీద నోట్ పెట్టినవాణ్ణి. సాంబారు మీద నోట్ పెట్టడం మాత్రం ఇదే మొదలు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదని ముందుగా మనవి చేస్తున్నాను. మనలో హోటలు తిండి మీద ఆధారపడేవాళ్లు ఏటేటా పెరుగుతున్నారు. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది ఇద్దరు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పొయ్యి దగ్గర గంటసేపు నిలబడలేదు. ఒంటరిగా మిగిలిన మిత్రులు కొందరు రెండు పూటలా క్యారేజీయే తెప్పించుకుంటున్నారు. అంచేత మనకు హోటలంటే సరదా కాదు, అవసరం.

పాత రోజుల్లో హోటళ్లన్నీ అమృతం వడ్డించేవని నేను అనను. 1974లో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఏలూరులో నెలవారీ టికెట్ల పుస్తకం కొనుక్కుని మెస్సులో తినేవాణ్ణి. చారులో పప్పు కోసం వెతుక్కోవలసి వచ్చేది. అయితే ఒకటుంది. నేను రెండు పూటలు రాకపోతే ఆ మెస్సు ఆయన "ఏమండీ, ఒంట్లో బాగాలేదా?" అని అడిగేవాడు. మజ్జిగ అడిగితే రెండోసారి పోసేవాడు. కాకినాడ సుబ్బయ్య హోటలుకి అంత పేరు రావడానికి వంట ఎంత కారణమో, కొసరి కొసరి వడ్డించడం కూడా అంత కారణం. తినేవాడి ముఖం చూసి వడ్డించడమే సగం భోజనం.

ఇక జరిగింది చెబుతాను. 2025 ఆగస్టు 15న మన కార్యాలయంలో జెండా వందనం అయ్యాక, ఏటా వండించుకున్నట్టు ఆ రోజు వంట కుదరలేదు. పైగా శ్రావణ శుక్రవారం. ఆడవాళ్లు పూజల్లో అలసిపోయి ఉన్నారు, ఇళ్లలో వంట పెట్టుకోమనడం భావ్యం కాదు. పిల్లలతో కలిపి పదకొండు మందిమి దగ్గర్లోని ఒక చిన్న హోటలుకి వెళ్లాం. పేరు చెప్పను, ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది. కింద ఖాళీ లేదు, మేడ మీదికి వెళ్లమన్నారు. చేతికి పట్టుకోడానికి కమ్మీ లేని మెట్లు. మొత్తానికి ఎక్కాం.

"పది నిమిషాల్లో వచ్చేస్తుంది తాతగారూ" అన్నాడు సర్వరు కుర్రాడు. ఆ మాట నమ్మి మా మిత్రుడొకాయన పక్కకి వెళ్లి, భోజనానికి ముందు వేసుకోవలసిన ఇన్సులిన్ వేసుకుని వచ్చి కూర్చున్నాడు. పది నిమిషాలు ఇరవై అయ్యాయి. ఇరవై ముప్ఫై అయ్యాయి. రెండుసార్లు పిలిచాం. "వస్తోందండి" అన్నాడేగాని, కనీసం ఒక అరటిపండో అప్పడమో తెచ్చి పెట్టలేదు. ఇంతలో మా మిత్రుడికి చెమటలు పట్టాయి. చేతులు వణికాయి. అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పాడు. ఆయన భార్యకి వెంటనే అర్థమైంది. మా మనవడు రెండేసి మెట్లు దిగి పరిగెత్తి కాఫీ కౌంటరులో పంచదార డబ్బా పట్టుకొచ్చాడు. మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకి మనిషి తేరుకున్నాడు. భోజనం వచ్చింది అప్పుడు, సరిగ్గా నలభై అయిదు నిమిషాలకి.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. మనలో ఇన్సులిన్ వేసుకునేవాళ్లు, మాత్రలు మింగేవాళ్లు చాలామంది ఉన్నారు. బయట తినేటప్పుడు ఎప్పుడు వేసుకోవాలో, కంచం ఎదురుగా వచ్చేదాకా ఆగవచ్చునో లేదో మీ డాక్టరును ముందుగానే అడిగి పెట్టుకోండి. జేబులో గ్లూకోజు పొట్లమో, నాలుగు చక్కెర బిళ్లలో ఉంచుకోండి. మనిషి స్పృహలో ఉంటేనే నోటికి ఇవ్వాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, 108కి ఫోను చేయాలి.

భోజనం సంగతి క్లుప్తంగా చెబుతాను. అన్నం చల్లారి బిరుసెక్కింది. పప్పు పర్వాలేదు. వంకాయ కూరలో నూనె తప్ప ఏమీ తెలియలేదు. సాంబారు పులిసింది, అది చింతపండు పులుపు కాదు. పెరుగు రెండోసారి అడిగితే "కప్పు ఇరవై" అన్నాడు.

తర్వాత బిల్లు. చిన్న చీటీ మీద కలంతో రాసిచ్చారు. పదకొండు భోజనాలు, ఒక్కొక్కటి 150 చొప్పున 1,650. సర్వీసు 10 శాతం 165. ఆ మొత్తం మీద జి.ఎస్.టి. 5 శాతం 90 రూపాయల 75 పైసలు. వెరసి 1,906. అంటే చేయని సర్వీసుకి రుసుము, ఆ రుసుము మీద మళ్లీ పన్ను! చీటీ మీద హోటలు పేరు తప్ప ఏ నంబరూ లేదు.

మావాళ్లు అప్పటికే డబ్బు తీస్తున్నారు. "ఎందుకండీ గొడవ, పెద్దవాళ్లం, ఇచ్చేసి పోదాం" అన్నారు. మనకి ఇదొక అలవాటు. నోరు మూసుకుని తింటాం, నోరు మూసుకుని డబ్బిస్తాం, ఆ తర్వాత పార్కు బల్ల మీద మూడు వారాలు తిట్టుకుంటాం. "ఇంట్లో చారు బాగాలేకపోతే లేచే నోరు బయట లేవదేం?" అని మా ఆవిడ అంది. అందరూ నవ్వారుగాని మాట నిజమే.

మా మనవడు అప్పటికే ఫోనులో ఒక్క నక్షత్రం నొక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. ఆగమన్నాను. అవతలి పక్షం సంజాయిషీ అడక్కుండా ఉత్తర్వు ఇవ్వకూడదన్నది ఆఫీసులో నేర్చుకున్నదే. చిన్న హోటలుకి అలాంటి నాలుగు నక్షత్రాలు పడితే ఆ కుర్రాళ్ల జీతాలకే ఎసరు.

గల్లాపెట్టె దగ్గరికి నేను, మా మిత్రుడు వెళ్లాం. గొంతు పెంచలేదు. మూడు ప్రశ్నలు అడిగాను. సర్వీసు ఛార్జీ ఎవరిని అడిగి వేశారు? జి.ఎస్.టి. నంబరు ఏది? ఆహార భద్రతా లైసెన్సు నంబరు ఏది?

ఈ మూడింటి వెనకా నిబంధనలున్నాయి. సర్వీసు ఛార్జీని హోటలువాళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని, అది గిరాకీ ఇష్టమని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకాలు ఇచ్చింది. హోటళ్ల సంఘాలు కోర్టుకెళ్తే, ఆ మార్గదర్శకాలు సరైనవేనని 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. జి.ఎస్.టి. వసూలు చేయాలంటే రిజిస్ట్రేషను ఉండాలి, బిల్లు మీద ఆ 15 అక్షరాల నంబరు ఉండాలి. చిన్న వ్యాపారులకు కాంపొజిషను పథకం ఒకటుంది. అందులో ఉన్నవారు పన్ను తమ జేబులోంచి కట్టాలేగాని మన దగ్గర విడిగా వసూలు చేయకూడదు. ఏసీ హాలుకి ఎక్కువ పన్ను అని కొందరు ఇప్పటికీ అంటారు. ఆ తేడా 2017 నవంబరు 15 నుంచి మామూలు హోటళ్లలో లేదు. ఆహార భద్రతా లైసెన్సుది 14 అంకెల నంబరు, బిల్లు మీద ఉండి తీరాలి.

అయితే మనం పొరపాటు పడే విషయమూ ఒకటి చెప్పాలి. నీళ్ల సీసా మీద ముద్రించిన ధర కంటే ఎక్కువ తీసుకున్నారని చాలామంది పోట్లాడతారు. కూర్చోబెట్టి వడ్డించే హోటళ్లకు ఆ ముద్రిత ధర నిబంధన వర్తించదని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కొట్లో కొంటే వేరు. అలాగే ఉప్పు తక్కువైందనో, కూర ముదిరిందనో ఏ సెక్షనూ పనికిరాదు. పాచిపోయిన సాంబారుకి మాత్రం చట్టం ఉంది, 2006 నాటిది.

హోటలు ఆయనకి యాభై ఏళ్లుంటాయి. మొదట ముఖం చిట్లించాడు. పైన జరిగింది చెప్పి మా మిత్రుణ్ణి చూపించాక లేచి నిలబడ్డాడు. "ఏం చెయ్యమంటారండి, వంట మాస్టరు వారం కిందట మానేశాడు. ఇద్దరు కుర్రాళ్లతో లాక్కొస్తున్నాను" అన్నాడు. గుమ్మం దగ్గర రంగురంగుల చొక్కాలతో అయిదారుగురు పార్శిలు కుర్రాళ్లు నిలబడి ఉన్నారు. అప్పుడు అసలు సంగతి తెలిసింది. ఫోన్లో వచ్చిన ఆర్డరుకి గడియారం ఉంటుంది. ఆలస్యమైతే అక్కడ పేరు పడిపోతుంది. బల్ల దగ్గర కూర్చున్నవాడికి గడియారం లేదు, ఎక్కడికీ పోడు. అందుకని వంటింట్లో వేడిగా దిగినదంతా ముందు డబ్బాల్లోకి వెళ్తోంది, మిగిలింది మన ఆకుల్లోకి వస్తోంది. అందులోనూ మేడ మీద కూర్చున్న ముసలివాళ్లు వరసలో ఆఖరు.

ఆయన కష్టం నిజమే. కాని ఆ కష్టానికి ఖరీదు మా మిత్రుడు కట్టబోయాడు. ఆ మాటే చెప్పాను. పది నిమిషాలు కాదు, ముప్పావుగంట అని నిజం చెప్పి ఉంటే ఆయన సూది వేసుకునేవాడు కాదు, మేం మరో చోటికి పోయేవాళ్లం. ఆయన సర్వీసు, పన్ను రెండూ కొట్టేసి 1,650 తీసుకున్నాడు. 256 రూపాయలు తగ్గాయి. ఇంచుమించు ఇద్దరి భోజనం. మా మనవడు ఫోను జేబులో పెట్టుకున్నాడు.

ఆయన వినకపోతే ఏం చేసేవారని అడిగారు కొందరు. బిల్లు చీటీ దాచుకుని 1915కి ఫోను చేసేవాణ్ణి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను, తెలుగులో మాట్లాడవచ్చు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషను. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు లేదు, వకీలూ తప్పనిసరి కాదు. దరఖాస్తు రాయడానికి ఇంతమంది మాజీ గుమాస్తాలం ఉన్నాం.

పది రోజుల తర్వాత మా మిత్రుడూ నేనూ కావాలనే మళ్లీ వెళ్లాం. కింద కూర్చోబెట్టారు. అచ్చు వేసిన బిల్లు ఇచ్చారు. అన్నం పొగలు కక్కుతోంది. సాంబారు పులవలేదుగాని, రుచి మాత్రం ఇంకా దారికి రాలేదు. అదే మాట ఆయనతో అన్నాను. "మాస్టరు దొరికాడండి, సోమవారం చేరతాడు" అన్నాడు.

ఇక సంఘానికి ఒక విన్నపం. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు నకారా కేసులో ఇచ్చిన తీర్పు గుర్తుగా మనం పింఛనుదారుల దినోత్సవం జరుపుకుంటున్నాం. వచ్చే డిసెంబరు 17న భోజనాలు ఎక్కడైనా సరే, రెండు రోజుల ముందే మనిషిని పంపి మాట్లాడాలి. కింది అంతస్తు కావాలి. ఒంటిగంటకి వడ్డన అంటే ఒంటిగంటకే. షుగరు ఉన్నవాళ్లకి మొదటి పంక్తి. ధర, పన్ను కాగితం మీద రాయించుకోవాలి. మొదటి పంక్తిలో కూర్చోవలసినవాళ్లు ఈ రోజే కోశాధికారి గారి దగ్గర పేర్లు రాయించండి. ఆయన పుస్తకం తెచ్చారు, వెనక బల్ల దగ్గరే ఉన్నారు.

సెలవు.