మరణాసన్న రోగి బాధను గుర్తించుట: నర్సులుగా మా మాట
(కార్మిక విద్యా తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



జీతభత్యములను, పెన్షనును చర్చించు ఈ వేదికపై మరణశయ్యపై నున్న రోగిని గురించి మాట్లాడుట కొందరికి వింతగా తోచవచ్చును. కాని మన విశ్రాంత సభ్యులలో క్యాన్సరుతో చివరి వారములు గడుపుచున్న వారిని మీరెరుగుదురు. "ఇక చేయగలిగినదేమియు లేదు, ఇంటికి తీసుకొనిపొండు" అన్న మాట మీరును వినియే యుందురు. ఆ మాటను మేమంగీకరింపము. వ్యాధి నయము కాకపోవచ్చును. బాధను తగ్గించు పని మిగిలియే యున్నది. అడిగి, చూచి, వ్రాసిపెట్టుటతో అది మొదలగును.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకొనెదము. ఒక రాత్రి వార్డులో మాట పడిపోయిన రోగి మంచముపై పొర్లాడుచు దుప్పటి లాగివేయుచుండెను. అంత్యకాలపు కలవరమని తలచి మత్తుసూది వేయించితిమి. తెల్లవారి డ్యూటీకి వచ్చిన సిస్టరు పొత్తికడుపుపై చేయివేసి చూడగా మూత్రాశయము నిండి గట్టిగా నున్నది. గొట్టము వేసిన కొద్దిసేపటికే ఆయన శాంతించెను. మరునాడు కన్నుమూసెను. ఆ రాత్రి బాధ మా లెక్కలోనిదే. నాటినుండి కలవరపడు రోగికి సూది వేయించుటకు ముందు మూత్రము, మలబద్ధకము, నొప్పి, పడుకొన్న తీరు తప్పక చూచుచున్నాము.

నొప్పి ఎంతయో చెప్పవలసినది రోగియే. సున్న నుండి పది వరకు అంకె అడుగుట వాడుక. అంకెకు తెల్లబోయిన వృద్ధులు "రూపాయికి ఎన్ని అణాలు?" అనగానే చెప్పుదురు. మాటలేని వారి విషయమున నుదుటి ముడుతలు, మూలుగు, ప్రక్కకు త్రిప్పునపుడు బిగుసుకొను చేతులు చూడవలెను. మందిచ్చిన తరువాత మరల అడుగనిచో మొదట అడిగినది వ్యర్థమే. డ్యూటీ మారునపుడు ఆ అంకెను తరువాతి సిస్టరుకు అప్పగింపవలెను. చార్జి అప్పగించుట మీకు క్రొత్త కాదు.

1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, పిమ్మట వైద్యురాలు. నొప్పి శరీరమునకే పరిమితము కాదని, మనస్సు, కుటుంబము, విశ్వాసము అందులో కలిసియుండునని ఆమె బోధించెను. మేము చూచిన ఒక విశ్రాంత పాయింట్స్‌మన్‌కు మందు పెంచినను నిద్ర పట్టలేదు. విచారింపగా ఫ్యామిలీ పెన్షను కాగితములలో భార్య పేరు తప్పుగా నున్నదని తెలిసెను. యూనియను కార్యదర్శి వచ్చి దానిని సరిచేయించిన రాత్రి ఆయన నిద్రించెను.

చివరి గంటలలో గొంతులో గురగుర వినబడును. రోగికంటె చుట్టునున్నవారినే అది ఎక్కువగా భయపెట్టును. ప్రక్కకు త్రిప్పి పడుకోబెట్టుట, తడిగుడ్డతో పెదవులు తడుపుట మేలు. మ్రింగలేని వానికి తులసితీర్థమైనను నోటిలో పోయరాదు. చెవి వినుచుండవచ్చును గనుక మంచము ప్రక్కన ఆస్తి తగాదాలు వలదు!

ఇక మార్ఫిన్. నోటిద్వారా, గడియారము ప్రకారము ఇమ్మని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే చెప్పెను. దానితో మలబద్ధకము దాదాపు తప్పదు గనుక విరేచనపు మందు తోడుగా ఉండవలెను. వైద్యుని పర్యవేక్షణలో నొప్పికి వాడినవాడు వ్యసనపరుడగునన్న భయము చాలవరకు నిరాధారము. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టము క్రింద లైసెన్సుల చిక్కులవలన ఆసుపత్రులు దానిని నిలువ ఉంచుటకే జంకెడివి. 2014 సవరణతో గుర్తింపు పొందిన వైద్యసంస్థలకు ఆ మార్గము సులభమైనది. మన ఆసుపత్రి ఆ గుర్తింపు పొందినదా? మందు నిలువ ఉన్నదా? రాత్రి డ్యూటీలో ఒక నర్సుకు ఎందరు రోగులు? తీరిక లేని నర్సు అడుగజాలదు, అడుగని నొప్పి చార్టుకెక్కదు. ఈ మూడు ప్రశ్నలను మీ మీ శాఖలు ఆసుపత్రి అధికారులతో జరుపు తదుపరి సమావేశపు అజెండాలో చేర్చి, లిఖితపూర్వకముగా సమాధానము కోరవలసినదిగా మనవి చేయుచున్నాము.