గ్రాంటు మన గూడెం దాకా ఎట్లా వస్తుంది?

 

  ఆదివారం ఒక్కరోజే సెలవు దొరికే మీరు టోలిచౌకి దాకా వచ్చి ఇంతసేపు కూర్చున్నారంటే మాకు చాలా సంతోషం. మీలో కొందరు చదువుకుంటున్నారు. కొందరు జూబ్లీహిల్స్ దుకాణాల్లో, కొందరు ఫిల్మ్‌నగర్‌లో సెట్టు పనుల్లో ఉన్నారు. ఇక్కడి నుంచి కొంచెం దూరం పోతే బంజారాహిల్స్. పేరు మనది, అక్కడి ప్లాట్ల ధర మాత్రం మనం అడగకపోవడమే మంచిది. అయితే 2022 సెప్టెంబరు 17న అదే బంజారాహిల్స్‌లో కుమ్రం భీం ఆదివాసీ భవనం, సేవాలాల్ బంజారా భవనం ప్రారంభమయ్యాయి. అవి కూడా ప్రభుత్వ నిధులతో కట్టినవే. ఆ మాటతోనే మాకిచ్చిన అంశంలోకి వస్తాం.

"ప్రభుత్వం మనకు దయతో ఇస్తుంది" అనే మాట మన ఇళ్లల్లో ఇంకా ఉంది. వసతి గృహంలో పిల్లలను దింపడానికి వచ్చే తల్లిదండ్రులు కూడా "సర్కారు బువ్వ పెడుతోంది మేడమ్" అని చేతులెత్తి దండం పెడతారు. వాళ్ల మర్యాద మాకు అర్థమవుతుంది. కానీ చదువుకున్న మీరు కూడా అట్లనే అనుకుంటే మాత్రం కుదరదు. రాజ్యాంగంలో 275వ అధికరణం మొదటి క్లాజు ఉంది. షెడ్యూల్డ్ తెగల సంక్షేమానికి, షెడ్యూల్డ్ ప్రాంతాల పరిపాలనను మెరుగుపరచడానికి కేంద్ర సంచిత నిధి నుంచి రాష్ట్రాలకు గ్రాంటు ఇవ్వాలని అందులో రాసి ఉంది. 1997-98లో మొదలైన ఏకలవ్య ఆదర్శ గురుకులాలకు తొలినాళ్లలో డబ్బు వచ్చింది ఈ దారినే.

రెండో దారి గిరిజన ఉప ప్రణాళిక. ఐదో పంచవర్ష ప్రణాళిక కాలంలో, 1974 ప్రాంతంలో మొదలైంది. మనకు తెలిసిన ఐటీడీఏలు, ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం, అన్నీ ఆ ఆలోచనతో నిలబడ్డవే. జనాభాలో మన వాటా ఎంతో ప్రణాళిక డబ్బులోనూ అంత వాటా మనకు కేటాయించాలన్నది దాని మూలం. చాలా ఏళ్లు అది కాగితం మీదే ఎక్కువగా ఉండేది. దళిత, గిరిజన సంఘాలు పోరాడిన తర్వాత 2013లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చారు. 2011 లెక్కల ప్రకారం తెలంగాణలో మనం నూటికి తొమ్మిది మందికి పైనే. ఈ చట్టంలో మీరు గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఒకటుంది. ఒక సంవత్సరం ఖర్చు కాని నిధిని ఆ లెక్కన మరుసటి సంవత్సరానికి కలపాలి. అంటే మార్చి 31 దాటిందని మన వాటా మాయం కాకూడదు. "ఫండ్ లాప్స్ అయింది" అని ఎవరైనా చెప్తే, "చట్టం అట్లా లేదు కదా సార్" అని అడగగలగాలి.

ఇక డబ్బు నడిచే తీరు. పేపర్లో "గిరిజన సంక్షేమానికి ఇన్ని కోట్లు" అని పెద్ద అక్షరాలతో వస్తుంది. అది కేటాయింపు మాత్రమే. దాని తర్వాత పాలనా అనుమతి రావాలి. తర్వాత బడ్జెట్ విడుదల ఉత్తర్వు, అంటే బీఆర్ఓ రావాలి. అప్పుడు బిల్లు పెట్టాలి, ట్రెజరీ పాస్ చేయాలి, టోకెన్ నంబరు పడాలి. చివరికి డబ్బు ఖాతాలో పడాలి. ఖర్చయ్యాక వినియోగ ధ్రువపత్రం, మేమంతా యూసీ అంటాం, అది పైకి పోవాలి. యూసీ పోకపోతే రెండో విడత రాదు. బడ్జెట్ పుస్తకంలో డబ్బు ఉంటుంది, మన గూడెం బోరు మాత్రం సగంలో ఆగిపోతుంది. ఎందుకు ఆగిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. సర్పంచును తిడతారు, ఆయన ఏఈని తిడతాడు, ఏఈ పైవాళ్లను చూపిస్తాడు.

వార్డెన్లకు ఇది రోజూ కళ్లముందు కనబడేదే. 2024 చివర్లో తెలంగాణలో డైట్ ఛార్జీలు 40 శాతం పెంచారు. మూడు నుంచి ఏడో తరగతి దాకా నెలకు 950 ఉన్నది 1,330 అయింది. ఎనిమిది నుంచి పది దాకా 1,100 ఉన్నది 1,540 అయింది. పెంచినందుకు సంతోషమే, ఏళ్ల తరబడి అడిగిందే అది. కానీ 1,330ని ముప్పైతో భాగించి చూడండి, రోజుకు నలభై నాలుగు రూపాయలు. టిఫిన్, రెండు పూటల భోజనం, సాయంత్రం గుగ్గిళ్లు, గుడ్డు అన్నీ అందులోనే. బిల్లు రెండు నెలలు ఆలస్యమైతే కిరాణా షాపాయన మొహం మారిపోతుంది. ఉత్తర్వుకూ గిన్నెలో కూరకూ మధ్య దూరం ఎంతో మా వంటమనిషిని అడిగినా చెప్తుంది.

ఇంతకూ ఆ డబ్బుతో ఏం చేయాలో ఎవరు చెప్పాలి? షెడ్యూల్డ్ ప్రాంతంలో అయితే జవాబు స్పష్టంగా ఉంది. 1996 పెసా చట్టం, నాలుగో సెక్షన్. సామాజిక, ఆర్థికాభివృద్ధి పథకాలను పంచాయతీ అమలు చేయకముందే గ్రామసభ ఆమోదించాలి. పేదరిక నిర్మూలన వంటి పథకాల్లో లబ్ధిదారులను గ్రామసభ గుర్తించాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఆ పనులకు పంచాయతీ ఖర్చుపెట్టిన నిధులకు వినియోగ ధ్రువీకరణ గ్రామసభ నుంచే తీసుకోవాలి. ఇందాక చెప్పిన యూసీ గుర్తుంది కదా? మీ అవ్వ, మీ తాత, మీ వదిన కూర్చునే సభకు ఆ అధికారం ఉంది. "అవును, ఈ బాట పడింది" అనో, "పడలేదు" అనో వాళ్లు చెప్పాలి. ఎన్ని ఊళ్లలో అట్లా అడిగారో మీకే తెలుసు. రిజిస్టరు ఇంటింటికీ తిరిగి వేలిముద్రలు తెచ్చుకుంటుంది, సభ మాత్రం జరగదు.

మైదానంలో తండాల పిల్లలు "మాది పెసా కాదు కదా మేడమ్" అంటారు. నిజమే, నల్గొండ తండాకు పెసా లేదు. కానీ 2018లో వెయ్యికి పైగా తండాలూ గూడేలూ సొంత పంచాయతీలయ్యాయి. అదే ఏడాది వచ్చిన తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం ప్రకారం రెండు నెలలకొకసారి గ్రామసభ పెట్టాలి. పంచాయతీకి కేంద్ర ఆర్థిక సంఘం గ్రాంటు వస్తుంది. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి ఇచ్చినదాంట్లో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే వాడాలని చెప్పింది. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చని, జీతాలకు మాత్రం కాదని చెప్పింది. మన దగ్గర 2024 ఫిబ్రవరి మొదట్లో పాలకవర్గాల గడువు ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో గానీ జరగలేదు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఆ గ్రాంటు రాదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేక అధికారులే నడిపారు, చిన్న తండాల్లో ట్రాక్టర్ డీజిల్‌కు కూడా వెతుక్కున్నారు. ఎన్నికలంటే కోడి, సీసా అనుకునే తమ్ముళ్లు ఈ లెక్క కూడా చూడాలి. పంచాయతీ పద్దులు ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైట్‌లో ఉంటాయి. రీల్స్ చూసే ఫోన్‌లోనే అవీ కనబడతాయి.

ఇక ఉపాధి సంగతి. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాం, ఎందుకంటే మీకు పనికొచ్చేది ఇదే.

ఒక తండాకు పథకం కింద కుట్టుమిషన్లు వచ్చాయి. ముప్పై మందికి శిక్షణ, ముప్పై మిషన్లు, ఫొటోలు. ఏడాది తిరిగేసరికి వాటిలో చాలావరకు ధాన్యం బస్తాలకు స్టాండుగా మారాయి. ఆడవాళ్లకు కుట్టడం రాక కాదు. ఒకే తండాలో ముప్పై మంది కుడితే జాకెట్లు ఎవరికి కుట్టాలి? మిషను ఇచ్చినవాళ్లు ఆ ప్రశ్న అడగలేదు, తీసుకున్నవాళ్లూ అడగలేదు.

దీని పక్కన ఉట్నూరు ఇప్పపువ్వు లడ్డూలు పెట్టి చూడండి. అక్కడి ఆదివాసీ మహిళల సహకార సంఘం ఐటీడీఏ సాయంతో లడ్డూలు చేస్తోంది. ఇప్పపువ్వు ఏరడం మన అవ్వలకు కొత్త కాదు, తెల్లారకముందే చెట్టు కిందికి పోతారు. కొత్త సంగతి ఏమిటంటే కొనేవాళ్లు ముందే ఉన్నారు. ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఆ లడ్డూలు పోతున్నాయి. రక్తహీనత ఉన్న పిల్లకు ఇనుము కావాలి, అడవిలో పువ్వు రాలుతోంది, మధ్యలో పదిమంది అక్కచెల్లెళ్లకు పని దొరికింది. గ్రాంటు ఇట్లాంటి చోట పడితే మొలకెత్తుతుంది.

వన్‌ధన్ కేంద్రాల లెక్కా చెప్పుకుందాం. 2018లో మొదలైన పథకం. పదిహేను సంఘాలు, మొత్తం మూడు వందల మంది సభ్యులు, కేంద్రానికి 15 లక్షలు. వినడానికి పెద్ద మొత్తమే, తలకు పంచితే ఐదు వేలు. అందుకే అది పంచుకునే డబ్బు కాదు. ఎండబెట్టే చోటు, తూకం, ప్యాకింగు, ఒక గది, వీటికి మాత్రమే సరిపోతుంది. పంచుకున్నచోట ఏమీ మిగలదు. పాడేరు, అరకు వైపు కాఫీ కూడా ఒక్కసారి ఇచ్చిన సబ్సిడీతో రాలేదు. మొక్క, నీడ చెట్టు, కూలి, జీసీసీ కొనుగోలు, ఏళ్ల తరబడి ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 2019లో అరకు అరబికాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. జీసీసీ పుట్టింది 1956లో అని మర్చిపోకండి.

గోండు తమ్ముళ్లకు పక్క రాష్ట్రం కథ ఒకటి. గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే చిన్న గోండు ఊరు. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2009లో సామూహిక హక్కు పత్రం తెచ్చుకుంది. 2011లో వెదురు రవాణా అనుమతులు ఇచ్చే పుస్తకం గ్రామసభ చేతికి వచ్చింది. అప్పటిదాకా అటవీశాఖ అమ్ముకున్న వెదురును ఊరే అమ్ముకుంది, డబ్బు గ్రామసభ ఖాతాలో పడింది. గ్రాంటు కోసం ఎదురుచూసే ఊరికీ, సొంత ఖాతా ఉన్న ఊరికీ కలెక్టరాఫీసులో దొరికే కుర్చీ వేరు. మన దగ్గర వ్యక్తిగత పట్టాల కోసం ఉన్నంత ఆరాటం సామూహిక హక్కు కోసం లేదు. ఇది మా అభిప్రాయం, కోపం తెచ్చుకోకండి.

చివరగా ఒక చేదు మాట. పల్లెల్లో ఇప్పుడు దరఖాస్తు నింపడానికి బయటి దళారి అక్కర్లేకుండా పోయింది. మన పిల్లలే ఆ పని చేస్తున్నారు. డిగ్రీ చదివిన తమ్ముడు పెద్దమ్మ దగ్గర ఆధార్, పాసుబుక్కు తీసుకుని "మంజూరైతే పదివేలు" అంటున్నాడు. ట్రైకార్ సబ్సిడీ రుణానికి ఒక రేటు, ఇంటికి ఒక రేటు. మా వసతి గృహంలో చదివి పోయిన పిల్లలు కూడా వాళ్లలో ఉన్నారు. పిల్లకు గుణకారం నేర్పింది ఎవరికి లెక్కలు చెప్పడానికి? 1943లో మార్లవాయిలో గోండు పిల్లలను ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం పెట్టారు. హైమండార్ఫ్ పూనికతో వచ్చింది. జోడేఘాట్‌లో భీం నేలకొరిగిన మూడేళ్లకు. అక్కడ చదువు నేర్చినవాళ్లు ఊళ్లో అర్జీలు చదివి పెట్టేవాళ్లు. చదివి పెట్టడానికి పైసలు అడిగారని మేమెక్కడా వినలేదు.

కాబట్టి మీకు మేం చెప్పే పని చిన్నదే. నెలకోసారి ఊరికి పోయినప్పుడు గ్రామసభ తేదీ కనుక్కుని పోండి. మాట్లాడకపోయినా ఫరవాలేదు, తీర్మానం రాసేటప్పుడు పక్కన కూర్చుని రాసింది రాసినట్టు చదివి వినిపించండి. గోండిలోనో లంబాడీలోనో చెప్పండి. అవ్వ వేలిముద్ర వేసేముందు అది దేనికో ఆమెకు తెలియాలి. ఏదైనా పని ఆగితే అది కేటాయింపు దగ్గర ఆగిందా, విడుదల దగ్గరా, బిల్లు దగ్గరా అని సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి. పేదరికపు రేషన్ కార్డు ఉన్నవాళ్లకు ఆ పది కూడా అక్కర్లేదు.

వెనక బల్ల మీద మేం కొన్ని కాగితాలు పెట్టాం. పెసా నాలుగో సెక్షన్ తెలుగులో ఉంది, సమాచార హక్కు అర్జీ నమూనా ఉంది, ఈ-గ్రామ్ స్వరాజ్‌లో పంచాయతీ పద్దు చూసే పద్ధతి ఉంది. టీ తాగేలోపు ఎవరి పంచాయతీ వాళ్లు ఫోన్‌లో తెరిచి చూడండి. అర్థం కాని పద్దు ఉంటే మా దగ్గరికి తీసుకురండి, బస్సు టైము దాకా ఇక్కడే ఉంటాం.