రాజాజ్ఞయు నంతరాత్మయు



చంద్రగిరి కోట నీడను పిల్లలకు చదువు చెప్పుచు నేను ముప్పది యేండ్లు గడపితిని. ఒకనాడు అన్నమాచార్యుల కథ చెప్పుచుండగా నొక బాలుడు లేచి, “అయ్యవారూ, రాజుమీద పాట పాడకపోవుటయు నేరమేనా?” యని యడిగెను. నాడు నేను చెప్పిన సమాధానము నాకే తృప్తి నీయలేదు.

కథ మీరెరిగినదే. సాళువ నరసింహుడు అన్నమాచార్యులను సభకు రప్పించి గౌరవించెను. శ్రీనివాసునిపై పదము విని పరవశుడై, అట్టిది తనపైనను చెప్పుమనెను. ఆచార్యులు చెవులు మూసికొని, స్వామికిచ్చిన వాక్కు నింకొకరికీయననిరి. రాజు కోపించి సంకెల వేయించెను. స్వామి కృపచే సంకెల వీడెననియు, రాజు పశ్చాత్తాపపడెననియు మనుమడు చిన్నన్న తన ద్విపదలో వర్ణించెను. ఇది భక్తితో వ్రాసిన చరిత్రము, శాసనప్రమాణము గాదు. అయినను ఇందొక విశేషము కలదు. రాజు పరమతస్థుడు గాడు. ఆ స్వామికే భక్తుడు. కలహము దేవుని గూర్చినది కాదు, రాజు తన భాగమునకు మించి కోరుటను గూర్చినది.

ఆచార్యులు 1503లో పరమపదించిరి. పిమ్మట ముప్పదియొక్క యేండ్లకు, 1534లో, ఇంగ్లండు రాజు ఎనిమిదవ హెన్రీ తానే ఆ దేశపు క్రైస్తవసంఘమునకు శిరస్సునని శాసనము చేయించెను. ఆ బిరుదమును మాటతో కాదన్నను రాజద్రోహమే యని మరియొక శాసనము పుట్టెను. పూర్వము ప్రధానమంత్రివంటి పదవినొందిన థామస్ మోర్ ప్రమాణము చేయనొల్లక చెరసాల పాలై, 1535 జూలై 6వ తేదీని శిరచ్ఛేదము నొందెను. అచట సంకెల వీడలేదు.

మోర్ ధీరుడే. కాని అధికారమున నున్నపుడు పరమతస్థులను దహించు శిక్షను ఆయనయు సమర్థించెను. హెన్రీ కూతురు మేరీ యేలుబడిలో ఇంచుమించు 280 మంది ప్రొటెస్టెంటులు అగ్నికాహుతియైరి. ఆమె చెల్లెలు ఎలిజబెత్తు కాలమున, 1570లో పోపు రాణిని వెలివేసి ప్రజలను రాజభక్తినుండి విడిపించెను; అది మొదలు కాథలిక్కు గురువులు రాజద్రోహులుగా ఉరికెక్కిరి. పీఠమెక్కినవాని మతము మారెను గాని పద్ధతి మారలేదు.

దూరదేశపు కథ యనుకొనవలదు. మా యూరి గంగజాతరకు, వేరు మతము పుచ్చుకొనిన రైతొకడు చందా యీయననెను. పెద్దలు కూడి యతనికి బావినీరు కట్టించిరి. ఆ కూటమిలో నేనును గూర్చుంటిని, నోరు మెదపలేదు. ప్రశ్న యడిగిన బాలుడు ఆ రైతు బిడ్డయే.

ఇప్పుడు సమాధానము చెప్పెదను. పన్నును, గట్టు తగవును, ఊరి శాంతియు పాలకుని భాగము. మ్రొక్కు మాత్రము మనుష్యుని సొంతము. 1950లో అమలైన మన రాజ్యాంగము 25వ అధికరణమున ఈ హక్కునే యిచ్చినది. పెద్దలారా, దానిని నిలుపవలసినది కోర్టుకంటె ముందు మన రచ్చబండయే.

స్వస్తి.