గీత ఎవరి కోసం?



1912లో ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త ఎమిల్ డర్కైమ్ మతమంటే ఏమిటో చెబుతూ దేవుడితో మొదలుపెట్టలేదు. పవిత్రమైనదాన్ని మామూలు వాటి నుంచి విడదీస్తూ మనుషులు గీసుకునే గీతే ఆయనకు కీలకం.

ఆ గీత మనకు మేలు చేసిన సందర్భాలున్నాయి. కైరోలోని బెన్ ఎజ్రా యూదు ప్రార్థనా మందిరంలో ఒక గది ఉండేది. దేవుడి పేరున్న కాగితాన్ని పారేయకూడదు కనుక పాతబడినవన్నీ అందులో వేసేవారు. పేరుందో లేదో చూసే ఓపిక లేకనేమో, మిగతావీ వేశారు. 1896-97లో పండితుడు సాల్మన్ షెక్టర్ ఆ కాగితాలను పెద్ద ఎత్తున కేంబ్రిడ్జికి తరలించాడు. ప్రార్థనలతో పాటు అప్పుపత్రాలు, పెళ్లి ఒప్పందాలు, పిల్లల అక్షరాభ్యాసపు పుటలు, 12వ శతాబ్దంలో మంగళూరులో ఉండి వ్యాపారం చేసిన అబ్రహాం బెన్ యిజు ఉత్తరాలు బయటపడ్డాయి. దైవభక్తి పుణ్యమా అని బజారు లెక్కలు బతికాయి!

మన మేడారం సమ్మక్క జాతరలో గీత కదులుతూ ఉంటుంది. అక్కడ విగ్రహం లేదు. కోయ పూజారులు చిలకలగుట్ట నుంచి కుంకుమభరిణె రూపంలో సమ్మక్కను తెచ్చి గద్దెపై నిలుపుతారు. కిరాణా కొట్టులో కొన్న బెల్లం అక్కడ ‘బంగారం’ అవుతుంది. జాతర ముగియగానే తల్లి వనప్రవేశం చేస్తుంది.

కానీ ఇదే గీతను మనిషి మీద గీస్తే? మహారాష్ట్ర పట్టణం మహాడ్‌లోని చవదార్ చెరువులో పశువులు నీళ్లు తాగేవి, దళితులు తాగకూడదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలమందితో వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత అగ్రవర్ణాలవారు పంచగవ్యంతో చెరువును ‘శుద్ధి’ చేశారు. పశువు మూత్రంతో శుభ్రపడిన నీరు మనిషి దోసిలితో మైలపడిందట! దీన్ని ఆచారమని సమర్థించే పెద్దలు ఇప్పటికీ దొరుకుతారు. నా దృష్టిలో అది భక్తి కాదు, పెత్తనం. దళితుల హక్కును బొంబాయి హైకోర్టు ఖాయం చేసేసరికి 1937 వచ్చింది.

ఈరోజు పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు అధికారులవుతారు, కొందరు ఉపాధ్యాయులవుతారు. మీ గుడికి, మసీదుకి, చర్చికి నిశ్చింతగా వెళ్లండి, చెప్పులు బయటే విడవండి. ఊరి హోటల్లో కొందరి కోసం విడిగా పెట్టిన టీ గ్లాసు కనిపిస్తే మాత్రం మౌనంగా దాటిపోకండి, దాన్ని తీయించండి.