చక్రంలోని గాలి: పందెపు బాటలోనూ, ఊరి దారిలోనూ
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పావగడ సీమలో చెనక్కాయల మూటలు మోసిన ఎద్దుబండి చక్రానికి గాలితో పని లేదు. ఆకులు, పూటీలు అమర్చిన కొయ్యచక్రానికి కమ్మరి ఇనుప పట్టా ఎక్కించేవాడు. పట్టా చుట్టుకొలత చక్రం కన్నా కాస్త తక్కువగానే ఉండేది. పిడకల మంటలో కాలి అది వ్యాకోచించగానే చక్రానికి తొడిగి, నీళ్లు చల్లితే సంకోచించి బిగిసిపోయేది. వేడికి వస్తువు ఎట్లా మారుతుందో ఆ కమ్మరి పుస్తకం చూడకుండానే ఎరుగును. ఈ ప్రసంగానికి మూలమైన సంగతి కూడా అదే. కాకపోతే ఇక్కడ వేడెక్కేది ఇనుము కాదు, రబ్బరు లోపల బంధించిన గాలి.

చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో గంధకంతో రబ్బరును కాచి గట్టిపరచే పద్ధతి కనుగొన్నాడు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరపు పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు తొక్కే మూడు చక్రాల సైకిలు కుదుపు తగ్గించడానికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. అటు తరువాతి చరిత్ర లోకవిదితం.

ఈ బడిలో చదివినవారిలో కొందరు నేడు బెంగళూరులో, హైదరాబాదులో, విదేశాలలో శక్తిమంతమైన కార్లు కొనే స్థితికి వచ్చారు. సెలవు దినాన మద్రాసు సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై బాటకో, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకో వెళ్లి రుసుము చెల్లించి, ఎదురు బండి రాని చోట వేగం సరదా తీర్చుకొనేవారున్నారు. జాతీయ రహదారి మీద తీర్చుకోవడం కన్నా అది వేయి రెట్లు మేలు. అయితే ఆ బాటల మీద నేర్చిన అరకొర పాఠాన్ని ఇంటి దారిలో ప్రయోగించడం వల్ల వచ్చే ముప్పు ఒకటి కలదు. తల్లిదండ్రులు కూడా కూర్చున్న సభలో ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం అదే.

ముందుగా బరువు మాట. ఒక తరానికి కారంటే మారుతి 800. అది సుమారు 650 కిలోలు. నేటి వేగపు కార్లలో బ్యాటరీ మోసేవి రెండు టన్నులు సునాయాసంగా దాటుతాయి. 2024లో వెలువడిన బి.ఎం.డబ్ల్యు. ఎం-5 సుమారు 2,400 కిలోలు. అంటే మూడున్నర మారుతి కార్లకు పైమాటే. గతిజ శక్తి ద్రవ్యరాశికి అనులోమానుపాతంలో, వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుందని ఇదే బడిలో నల్లబల్ల మీద రాశారు. గంటకు 150 కిలోమీటర్ల వేగం నుండి బరువైన కారును నిలపాలంటే అంత శక్తినీ బ్రేకులు, టైర్లు వేడిగా మార్చుకోవలసిందే.

2,400 కిలోల కారులో ఒక్కో చక్రంపై సుమారు 600 కిలోల భారం పడుతుంది. టైరులో గాలి చదరపు అంగుళానికి 36 పౌండ్లు, అంటే చదరపు సెంటీమీటరుకు సుమారు రెండున్నర కిలోలు అనుకుంటే, ఆ టైరు నేలను తాకే మేర ఇంచుమించు 240 చదరపు సెంటీమీటర్లు. పదహారు సెంటీమీటర్ల పొడవు, పదిహేను సెంటీమీటర్ల వెడల్పు గల కాగితం ముక్కంత. గట్టిగా బ్రేకు తొక్కితే బరువు ముందుకు ఒరిగి ముందు చక్రం మీది 600 కాస్తా 800 దాటుతుంది. మలుపు తిరిగేటప్పుడు వెలుపలి చక్రాలే ఎక్కువ మోస్తాయి. ఈ రెండూ ఒకేసారి జరిగే చోట, మలుపు ముఖద్వారంలో, ముందువైపు వెలుపలి టైరు పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు.

కాబట్టి టైరు ఎంపికలో మొదట చూడవలసింది పేరు కాదు, పక్కగోడ మీది అంకెలు. 205/55 ఆర్ 16 91 వి అని ఉంటే, వెడల్పు 205 మిల్లీమీటర్లు, ఎత్తు వెడల్పులో 55 శాతం, రేడియల్ నిర్మాణం, 16 అంగుళాల రిమ్ము. చివరి 91 భారపు సంకేతం: 615 కిలోలు. 100 అయితే 800 కిలోలు, 108 అయితే 1,000 కిలోలు. ‘వి’ అక్షరం 240 కిలోమీటర్ల వేగానికి, ‘వై’ 300 కిలోమీటర్లకు గుర్తు. ఆ భారమంతా తగినంత గాలి ఉన్నప్పుడే మోస్తుంది. ఈ సంగతి అంగడిలో ఎవరూ చెప్పరు. తయారైన వారం, సంవత్సరం నాలుగంకెలలో ఉంటాయి. 2319 అంటే 2019వ సంవత్సరపు 23వ వారం. పట్టు చూసి, ధర చూసి, ఈ అంకెలను చూడని కొనుగోలుదారులే ఎక్కువ.

తర్వాత రబ్బరు స్వభావం. అమెరికాలో అమ్మే టైర్లపై ముద్రించే అరుగుదల సంఖ్య ఇక్కడి కొన్ని టైర్లపైనా కనిపిస్తుంది. 300 ప్రాంతంలో ఉన్నవి వేగపు కార్లకు రోడ్డు టైర్లు. 200 ప్రాంతంలోనివి రోడ్డుకూ బాటకూ మధ్యస్థం. 100 లేదా అంతకన్నా తక్కువవి దాదాపు పందెపు టైర్లే. సంఖ్య తగ్గిన కొద్దీ రబ్బరు మెత్తన, పట్టు అధికం, ఆయుర్దాయం అల్పం. తేలికైన కారు యజమాని అత్యంత మెత్తని టైరు వేసుకొని మురిసిపోవచ్చు. బరువైన కారుకు అదే టైరు వేస్తే రెండు మూడు చుట్లకే వేడి మితిమీరి, అంచులు పొడిపొడిగా రాలి, పట్టు జారిపోతుంది. బరువైన బండికి కావలసినది భారపు సంకేతం ఎక్కువగా ఉండి, పక్కగోడ బిరుసుగా ఉండి, వేడికి ఓర్చుకొనే రబ్బరు గలది. కొత్తగా బాటకెక్కేవారికి మధ్యస్థ రకమే ఉత్తమం. గాడులు తక్కువగా ఉన్న టైరు చినుకు పడితే నీటి పొర మీద తేలుతుంది. మార్గశిరపు చలి ఉదయాన వేడెక్కక పట్టే ఇవ్వదు. వేసుకొని ఇంటికి రావలసింది అదే టైరు మీద అన్న సంగతి కొనేనాడు గుర్తుండదు.

ఇక గాలి. ఘనపరిమాణం మారనప్పుడు వాయు పీడనం పరమ ఉష్ణోగ్రతకు అనులోమానుపాతంలో ఉంటుంది. ఉదయం 27 డిగ్రీల సెంటీగ్రేడులో, అంటే 300 కెల్విన్ వద్ద, టైరులో 32 పౌండ్లు ఉన్నాయనుకుందాం. కొలమానం చూపేది వాతావరణ పీడనానికి పైమాట మాత్రమే గనుక దానికి 14.7 కలిపితే 46.7. పందెపు బాటలో ఆరేడు చుట్లకు లోపలి గాలి 87 డిగ్రీలకు, అంటే 360 కెల్విన్‌కు చేరితే పీడనం 1.2 రెట్లు అవుతుంది: 56. అందులో 14.7 తీసివేస్తే కొలమానం 41 దాటి చూపుతుంది. ఎవరూ గాలి కొట్టలేదు. తొమ్మిది పౌండ్లు తామే పెరిగాయి.

41 వద్ద టైరు నడుము ఉబ్బి అంచులు నేలను సరిగా తాకవు. పట్టు తగ్గుతుంది. అందుకే బాటలో లెక్క వేడి గాలిది. బరువైన కారుకు సాధారణంగా వేడి మీద 35 నుండి 38 పౌండ్ల ప్రాంతం అనుకూలిస్తుంది. తేలిక బండికి ఇంకా తక్కువ చాలు. వేడి మీద 36 కావాలంటే చల్లగా ఉన్నప్పుడు ఎంత ఉండాలో అదే సూత్రంతో వెనక్కి లెక్కించవచ్చు: 50.7ను 1.2తో భాగించి 14.7 తీసివేస్తే ఇరవై ఏడున్నర. అయితే బరువైన కారును ఇరవై ఏడున్నరతో మొదటి చుట్టులోనే ఉరికిస్తే పక్కగోడ మడతపడి నలిగిపోతుంది. 30తో మొదలుపెట్టి, మొదటి చుట్టు నెమ్మదిగా నడిపి, దిగిన వెంటనే కొలిచి కొద్దికొద్దిగా వదలడమే తెలిసినవారి పద్ధతి. ఎండ ఒక వైపే పడుతున్నా, మలుపులు ఎక్కువగా ఒక వైపే ఉన్నా నాలుగు టైర్లకూ ఒకే అంకె రాదు.

సరిపోయిందో లేదో తేల్చడానికి ఖరీదైన పరికరం లేనివారు సుద్దముక్క వాడతారు. టైరు అంచు నుండి పక్కగోడ మీదికి సుద్దతో గీత గీసి నాలుగు చుట్లు తిప్పి వస్తే, గీత ఎంతవరకు చెరిగిందో అంతవరకు టైరు ఒరిగిందన్నమాట. పక్కగోడ మీద కూడా చెరిగిపోతే గాలి చాలలేదు. అంచు వరకైనా చెరగకపోతే గాలి ఎక్కువ. ఉష్ణమాపకం ఉన్నవారు టైరు లోపలి అంచు, నడుము, వెలుపలి అంచు, మూడు చోట్లా చూస్తారు. నడుము వేడిగా ఉంటే గాలి అధికం, రెండంచులూ వేడిగా ఉంటే తక్కువ.

టైరు మోయగల దానికీ బాట అడిగేదానికీ పొత్తు కుదరనినాడు ఏమవుతుందో 2005 జూన్ 19న లోకమంతా చూసింది. అమెరికాలోని ఇండియానాపొలిస్ ఫార్ములా వన్ పందెం అది. రెండు రోజుల ముందు అభ్యాసంలో రాల్ఫ్ షూమాకర్ నడిపిన టొయోటా ఎడమ వెనుక టైరు దెబ్బతిని, పదమూడవ మలుపులో గోడను గుద్దుకొంది. ఆ మలుపు వాలుగా కట్టినది. అక్కడ వేగంతో వెళ్లే కారును నేలకేసి అదిమే బలం ఎక్కువ, అదిమిన కొద్దీ టైరు పక్కగోడ నలుగుతుంది. మిషెలిన్ సంస్థ తన టైర్లు ఆ మలుపులో పూర్తి పందెం నిలుస్తాయని హామీ ఇవ్వలేనని చెప్పింది. వేగం తగ్గించే అడ్డుమలుపు పెట్టాలన్న కోరికను నిర్వాహకులు అంగీకరించలేదు. ఇరవై కార్లూ బయలుదేరాయి. సన్నాహపు చుట్టు ముగియగానే మిషెలిన్ టైర్ల కార్లు పద్నాలుగూ పక్కకు తప్పుకొన్నాయి. బ్రిడ్జ్‌స్టోన్ టైర్లు గల ఆరు కార్లే పందెం సాగించాయి. వాటిలో ఒకటి, జోర్డాన్ జట్టు కారు, కోయంబత్తూరుకు చెందిన నారాయణ్ కార్తికేయన్ చేతిలో ఉంది. నాలుగవ స్థానం పొంది, ఫార్ములా వన్‌లో పాయింట్లు గెలిచిన తొలి భారతీయుడు ఆయనే. టికెట్టు కొన్న ప్రేక్షకులు ఆగ్రహించారు. అది న్యాయమే. కాని టైరు మీద నమ్మకం లేనినాడు బండి దిగిపోవడాన్ని పిరికితనమనడం న్యాయం కాదు.

తెలుగు గడ్డ మీద అటువంటి అంతర్జాతీయ పందెం 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో జరిగింది. హుసేన్‌సాగర్ ఒడ్డున 2.83 కిలోమీటర్ల వీధి బాట మీద విద్యుత్ కార్లు పరుగెత్తాయి. ఝాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. అన్ని కార్లకూ హాంకుక్ వారి ఒకే రకం టైరు, వానకూ ఎండకూ అదే. టైరు ఎంచుకొనే స్వేచ్ఛ లేనిచోట జట్ల నేర్పంతా వేడిని అదుపులో పెట్టడంలోనే తేలింది. 2024లో జరగవలసిన పందెం రద్దయింది.

ఇప్పుడు ఇంటి దారికి వస్తే, అసలు ప్రమాదం ఇక్కడే పొంచి ఉంది. తిరుమణి పరిసరాలలో సుమారు 13,000 ఎకరాలలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ క్షేత్రం వెలసిందంటే ఈ తాలూకా ఎండ ఎటువంటిదో చెప్పనక్కరలేదు. ఆ ఎండే తారురోడ్డునూ కాలుస్తుంది. శనివారం శనైశ్చర స్వామి దర్శనానికి దూరం నుండి వచ్చే వాహనం పావగడ చేరేసరికి టైర్లు కాలుతుంటాయి. చల్లగా 33 ఉన్న గాలి 38 చూపుతుంది. “ఎక్కువైంది, పేలుతుంది” అని బంకులో కుర్రవాడు 32కు దించుతాడు. చల్లారాక ఆ టైరులో 28 కూడా ఉండదు. మరునాడు తెల్లవారుజామున కుటుంబం, సామాను ఎక్కించుకొని ఆ కారు నూరు కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంది. గాలి తక్కువైన టైరు ప్రతి చుట్టుకూ పక్కగోడ ముడుచుకుంటూ విప్పుకుంటూ రాపిడితో వేడెక్కుతుంది. పొరలు విడివడతాయి. పేలేది గాలి ఎక్కువై కాదు, తక్కువై. బాట మీద వేడి గాలిని వదిలి, తిరిగి నింపకుండా ఇంటిదారి పట్టిన యువకుడి కారుదీ అదే స్థితి.

ఇది ఊహ కాదు. 2000 ఆగస్టులో ఫైర్‌స్టోన్ సంస్థ అమెరికాలో సుమారు 65 లక్షల టైర్లు వెనక్కి తీసుకొంది. వాటిలో అధికం ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ అనే బరువైన వాహనానికి వేసినవి. టైరు తయారీ లోపమా, వాహనపు లోపమా అని ఇరు సంస్థలూ వాదులాడుకొన్నాయి. ఆ వాహనానికి ఫోర్డ్ సూచించిన 26 పౌండ్ల గాలి తక్కువన్నది ఆ వాదంలో ఒక ముఖ్యాంశం. వేడి ప్రాంతాలలోనే టైర్లు ఎక్కువగా చెడ్డాయి.

కనుక రోడ్డు మీద లెక్క ఎప్పుడూ చల్లని గాలిది. బండి మూడు గంటలు కదలకుండా ఉన్నాక, ఎండ తగలకముందు, తలుపు పక్కనున్న పట్టీలో రాసినంత నింపాలి. పూర్తి బరువుకు వేరే అంకె ఉంటే అంత నింపాలి. ట్రాక్టరు నడిపే రైతుకు ఈ వివేకం కొత్త కాదు. మెత్తని పొలంలో తక్కువ గాలి, బరువుతో దారి పట్టేటప్పుడు ఎక్కువ గాలి అని ఆయనకు అనుభవమే నేర్పింది. నైట్రోజన్ నింపితే ఈ లెక్కలేవీ అక్కరలేదని కొన్ని అంగళ్లలో చెప్పి డబ్బు తీసుకొంటారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. అదీ వేడికి పెరుగుతుంది. దానికున్న ఒక లాభం తేమ లేకపోవడం.

బాట నుండి తిరిగివచ్చిన కారుకు చేయవలసినది పది నిమిషాల పని. టైర్లు చల్లారనిచ్చి గాలి నింపాలి. లోపలి అంచులు వంగి చూడాలి, ఎందుకంటే అరుగుదల బయటికి కనిపించని అక్కడే ఎక్కువ. పక్కగోడ మీద బుడిపె తేలితే ఆ టైరుతో ఊరు దాటరాదు. వేగపు కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు, రంధ్రం పూడ్చే జిగురు సీసా మాత్రమే ఉంటుంది. చినిగిన పక్కగోడకు అది పనికిరాదు. స్టెప్నీ ఉన్న కార్లలో దాని గాలి చూసినవారు ఈ సభలో ఎందరున్నారో చేతులెత్తించి అడగడం మర్యాద కాదు గాని, బయట నిలిపి ఉన్న కార్ల డిక్కీలు తెరిస్తే తేలిపోతుంది.